ఎండాకాలం పెరటి డైరీ: యాభై లీటర్ల తోట

ఎండలు ముదరకముందు

ఈ వేసవి తోటపనిని విత్తనాలతో కాకుండా బకెట్టుతో మొదలుపెట్టాను. పెరట్లో కూరగాయల మడి 10 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్ళు నిలబడితే అది సరిగ్గా ఒక లీటరు. నడివేసవిలో, గాలి పొడిగా ఉన్న రోజుల్లో, గుబురుగా పెరిగిన మడి నుంచి రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోవడం మామూలే. అంటే ఈ మడి ఒక్కటే రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగేస్తుంది. ఇంటి అవసరాలు తీరాక తోటకి మిగిలేవి 50 లీటర్లు. చెట్లూ కుండీలూ కూడా అందులోనే బతకాలి.

లెక్క వేశాక దారి ఒక్కటే కనిపించింది. నీళ్ళు పెరగవు కాబట్టి తోటే తగ్గాలి. వేసవి తోట గురించి వినిపించే సలహాల్లో సగం "రెండుపూటలా నీళ్ళు పోయండి" దగ్గరే ఆగిపోతాయి. నీళ్ళు దండిగా ఉన్నవాళ్ళకి ఇక సలహాతో పనేముంది?

పైపు చుట్టి పక్కన పడేశాను. 15 లీటర్ల బకెట్టు, లీటరు పట్టే చెంబు దగ్గర పెట్టుకున్నాను. పైపు పట్టుకుంటే చేతికి లెక్క తెలియదు, నేల నల్లబడగానే చాలా పోసేశామనిపిస్తుంది. కూరగాయలు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు వేరే డబ్బాల్లో పడుతున్నాను. ఏసీ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, కుండీలకి వాటిని మించినవి లేవు. బట్టలు ఉతికిన నీళ్ళ జోలికి మాత్రం పోలేదు. డిటర్జెంటులోని సోడియం చేరేకొద్దీ మట్టి రేణువుల కట్టు చెడి నేల బిగిసిపోతుంది. అలా బిగిసిన నేలని మళ్ళీ దారికి తేవాలంటే అదనంగా నీళ్ళే పారించాలి.

ఎవరికి నీళ్ళు, ఎవరికి లేవు

మొదటి వాటా పోయినేడు నాటిన జామకి, నిమ్మకి. వాటి వేళ్ళు ఇంకా పాదు దాటి పెద్దగా పోలేదు. ఇప్పుడు ఎండిపోతే మళ్ళీ నాటి, మళ్ళీ ఇంతవరకు తెచ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. వంగ పోతే ఇంకో విడత నారు పోసుకోవచ్చు. పాత మందార, కరివేపాకు తమ నీళ్ళు తాము వెతుక్కోగలవు, వారానికోసారి పలకరిస్తే చాలు. నేలలో కుదురుకున్న బోగన్‌విల్లాకి అసలు పోయడంలేదు, కాస్త నీటి ఎద్దడి ఉంటేనే అది విరగబూస్తుంది. వాకిట్లో గడ్డి ముక్కని కూడా వదిలేశాను. పైకి ఎండిపోయినట్టు కనిపించినా దుబ్బు మొదట్లో ప్రాణం ఉంటుంది, తడి తగిలితే చిగురు వేస్తుంది.

మడిలో కొత్తిమీర, పాలకూర పీకేశాను. అమ్మ గుమ్మంలోంచి చూసి, "పచ్చగా ఉన్నదాన్ని పీకుతావేంట్రా, చేతులెలా వచ్చాయి నీకు?" అంది. పచ్చగానే ఉంది, కాదనను. కానీ కొత్తిమీర మధ్యలో కాడ లేచింది, ఆకులు సన్నబడి చీలిపోతున్నాయి. ఇక అది ఆకు వెయ్యదు, పూతకే పోతుంది. దానికి పోసిన ప్రతి చెంబూ మిరప వాటాలోంచి తీసిందే.

ఖాళీ అయిన చోట తోటకూర, అలసంద, గోరుచిక్కుడు వేశాను. తోటకూర జొన్న, మొక్కజొన్నల మాదిరే సీ4 రకం మొక్క. ఆకు రంధ్రాలు కొద్దిగా తెరిచి కూడా కావలసినంత కార్బన్ డయాక్సైడు పట్టుకోగలదు, అందుకని తక్కువ నీటితో ఎక్కువ ఆకు తీస్తుంది. ఎండకి మిగతావి చతికిలబడ్డప్పుడే దాని జోరంతా. అలసంద వేరు లోతుకి దిగుతుంది. బెండ సరేసరి, దానికి వేడే కావాలి. మొత్తం మీద మడి 6 చదరపు మీటర్లకి దిగింది. నీడ వెయ్యకముందే దాని అవసరం 36 నుంచి 48 లీటర్లకి వచ్చింది.

మట్టిలో తవ్వి చూస్తే

మిరప వరసని రెండుగా విడగొట్టాను. ఒక సగానికి మొక్కకి రోజూ అర లీటరు. రెండో సగానికి మూడు రోజులకోసారి లీటరున్నర. మొత్తం నీళ్ళు ఒకటే. అలా కొన్ని వారాలు నడిపాక, చెరో మొక్క పక్కన నేలని గునపంతో నిలువునా కోసి చూశాను.

రోజూ పోసిన వైపు పైన రెండు వేళ్ళ మందాన మట్టి ముద్దగా ఉంది. దాని కిందంతా పొడి. ఎక్కడ తడి ఆగిందో, ఎక్కడ పొడి మొదలైందో కంటితో గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంది. తెల్లటి పీచువేళ్ళన్నీ ఆ పైపొరలోనే చాపలా అల్లుకున్నాయి, కిందికి దిగినవి ఒకటీ అరా. మూడు రోజుల వైపు పైన పొడిగా ఉంది కానీ జానెడు లోతులో మట్టి చేతికి చల్లగా తగిలింది. వేళ్ళు నిలువునా ఆ తడిలోకి దిగాయి. మధ్యాహ్నం ఎండకి పైపొర ముందుగా ఆరిపోతుంది, వేళ్ళన్నీ అక్కడే కూర్చుంటే మొక్కకి ఆ పూటకి దిక్కులేదు. ఆ రోజే మిరప మొత్తాన్ని మూడు రోజుల పద్ధతిలోకి మార్చేశాను. రోజువారీ వైపు మొక్కలకి ఒక్కసారిగా కాకుండా ముందు రోజు విడిచి రోజు, తరవాత మూడు రోజులకోసారి.

మూడు రోజులన్నది మా నేల లెక్క. ఇసుక నేలలో నీరు నిలవదు, ఇంకా తొందరగా పోయాలి. బంకమట్టిలో ఒకేసారి గుమ్మరిస్తే పైనే పారిపోతుంది, కొంచెం పోసి, ఇంకాక మిగతాది పోయాలి. ఏ నేలకైనా పనికొచ్చేది చువ్వ పరీక్ష. మొద్దు మొన ఉన్న ఇనప చువ్వ నేలలో గుచ్చితే తడి ఉన్నంత వరకు సాఫీగా దిగుతుంది, పొడి తగలగానే ఆగుతుంది. నీళ్ళు పోసిన ఒక గంటకి గుచ్చితే ఎంత లోతు తడిసిందో అక్కడికక్కడే తెలుస్తుంది. కూరగాయలకి జానెడు దిగితే నాకు చాలు.

జామ, నిమ్మ పాదుల్ని మొదలు దగ్గర నుంచి కొమ్మల అంచు కిందికి జరిపాను. నీటిని పీల్చే సన్నవేళ్ళు ఎక్కువగా ఉండేది అటే. కాండం చుట్టూ నీళ్ళు నిలబెడితే వేళ్ళకి అందేది తక్కువ, మొదలు కుళ్ళే ప్రమాదం ఎక్కువ. అయినా చెట్టు మొదట్లో బకెట్టు బోర్లించడం చాలామందికి చేతి అలవాటు, చూస్తే నాకు చిరాకు.

కుండలు పాతిన వారం

వంగ, బీర దగ్గర మట్టికుండలు పాతాను. మెరుగు పూయని, రంగు వేయని కుండని మెడదాకా నేలలో పాతి నీళ్ళు నింపి మూత పెట్టడమే. రెండు వేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. చుట్టూ మట్టి ఎండే కొద్దీ కుండ గోడల్లోంచి నీటిని లాక్కుంటుంది, మట్టి తడిగా ఉంటే ఊట మందగిస్తుంది. అందుకే డ్రిప్‌కన్నా దీని మీద నాకు గురి ఎక్కువ. ఎంత కావాలో మనం ఊహించనక్కర్లేదు.

కుండ ఊరుతుందో లేదో పాతకముందే చూసుకోవాలి. సాయంత్రం నింపి గట్టు మీద పెడితే తెల్లారేసరికి బయటి గోడ చెమర్చి ఉండాలి. బాగా కాలి గట్టిపడ్డ కుండ పొడిగానే ఉంటుంది, అది పక్కన పెట్టేయడమే. అడుగున చిల్లు ఉన్న పూలకుండీ వాడితే చిల్లుని సిమెంటుతో పూడ్చాలి. మూత తప్పనిసరి, లేకపోతే నోటి నుంచి కొంత ఆవిరవుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. చిన్నకుండ తడి చుట్టూ ఒక జానెడు దాటదు, మొక్కల్ని ఆ లోపలే నాటాలి. జామ దగ్గర పాతలేదు. చెట్టు వేళ్ళు ముదిరితే కుండని చుట్టేసి పగలగొడతాయి. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే కొన్నాళ్ళకి గోడల రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు తవ్వి తీసి వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి.

డ్రిప్ కూడా ఒక వరసకి వేసి చూశాను, డ్రమ్ముని మీటరు ఎత్తు దిమ్మ మీద పెట్టి. ఇక్కడ ఒక కిటుకుంది. 10 మీటర్ల ఎత్తున్న నీటి మట్టం ఇచ్చే ఒత్తిడి సుమారు ఒక బార్. మీటరు ఎత్తు డ్రమ్ము ఇచ్చేది అందులో పదోవంతు. ఒత్తిడి మారినా ఒకేలా కారే ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు పనిచేయడానికి మామూలుగా అర బార్ నుంచి ఒక బార్ కావాలి, డ్రమ్ముకి తగిలిస్తే అవి సరిగ్గా కారవు. మరతో తిప్పుకునే మామూలు డ్రిప్పర్లే దీనికి సరి. అయినా చివరి మొక్కకి మొదటి మొక్కంత అందదు. ఒక్కో డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి, గంటలో ఎంత కారిందో కొలిచి, మరలు సర్దాను. విసుగు పుట్టించే పనే, కానీ అది చేయకుండా డ్రిప్ పెట్టడంలో అర్థం లేదు.

ఆకుల పరుపు, పచ్చ వల

ముందు నేలని బాగా తడిపి, ఆ మీద ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందాన పరిచాను. పొడి నేల మీద పరిస్తే అది పొడినే కాపాడుతుంది. కాండానికి ఆనకుండా చుట్టూ ఖాళీ వదలాలి. పచ్చిగడ్డి కోతలు ఉంటే ఎండబెట్టాకే వేయాలి, పచ్చిది మందంగా పరిస్తే అట్ట కట్టి లోపల వేడెక్కుతుంది. ఇంకొకటి, పరుపు మీద చెంబుడు చిలకరిస్తే ఆకులే తడిసి ఆరిపోతాయి, నీరు నేలకి చేరదు. కాబట్టి ఆకులు పక్కకి జరిపి, పోసి, మళ్ళీ కప్పుతున్నాను.

మట్టి థర్మామీటరు ఒకటి ఉంది. మధ్యాహ్నం మూడింటికి, ఒక వేలు లోతులో, కప్పని నేల 45 డిగ్రీలు చూపించింది. పక్కనే ఆకుల కింద 33. ఇలా నేలని కప్పడం, అంటే మల్చింగ్, ఎందుకని ఎవరైనా అడిగితే ఇక ఈ రెండు అంకెలే చెబుతున్నాను.

షేడ్ నెట్ విషయంలో ఎక్కువ నీడ మంచిదనుకుంటారు. ఎండలో 75 శాతాన్ని ఆపే నెట్ కింద మిరప, టమాటా కాడలు సాగి పూత పల్చబడుతుంది. కాయ మొక్కలకి 35 శాతం, నారుకి, ఆకుకూరకి 50 శాతం వేశాను. మొక్కల తలల మీద కనీసం ఒక మూరెడు గాలి ఆడేలా ఎత్తులో కట్టాను. పడమటి వైపు కిందిదాకా దించాను, తూర్పు వైపు తెరిచి పెట్టాను. పొద్దుటి ఎండ మొక్కకి కావాలి.

వేడిగాలుల వారం

టమాటా పూత రాలడం మొదలైంది. పూవు కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, అక్కడ పసుపు రంగు తిరిగి, వేలితో తాకగానే ఊడి వచ్చేస్తోంది. ఇది నీటి కొరత కాదు. పగటి వేడి 35 దాటి, రాత్రి 24 కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది, పిందె కట్టదు. ఎన్ని నీళ్ళు పోసినా, ఏ మందు కొట్టినా ఆ వారం పూత నిలవదు. నేను చేసిందల్లా కొమ్మల్ని కదిలించకుండా వదిలేయడం. ఆకులు కత్తిరించకూడదు కూడా, కాయకి గొడుగు అవే. ఆకు తీసేసిన చోట కాయ భుజం మీద తెల్లటి మచ్చ పడింది, ఎండకి ఉడికిపోయిన తొక్క అది.

అప్పటికే ఉన్న కాయలు పసుపు-నారింజ దగ్గరే ఆగిపోయాయి. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారవదు. రంగు తిరగడం మొదలైన కాయల్ని కోసి ఇంట్లో నీడలో పెడితే నిమ్మళంగా ఎర్రబడుతున్నాయి.

రెండు కాయల అడుగున నల్లటి, అణిగిన మచ్చ కనిపించింది. అడుగు కుళ్ళు. కాల్షియం లోపం అనగానే గుడ్డు పెంకులు పొడి చేసి వేసేవాళ్ళున్నారు. చాలా మట్టుకు మట్టిలో కాల్షియం ఉంటూనే ఉంటుంది, కాయదాకా చేరదు అంతే. అది నీటితో పాటే ప్రయాణిస్తుంది, ఒకనాడు ఎండగట్టి ఒకనాడు ముంచేస్తే దారిలో ఆగిపోతుంది. పైగా పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. ఆ కాయలు తీసేసి, టమాటాకి మూడు రోజుల ఎడాన్ని రెండుకి తగ్గించాను.

బీర, సొర ఆకులు మధ్యాహ్నం తలలు వాల్చేస్తాయి. చూసి గుండె గుభేల్మంటుంది, చెయ్యి చెంబు మీదికి పోతుంది. ఆగాలి. వేళ్ళు తెచ్చేదానికన్నా ఆకులు వదిలేది ఎక్కువైనప్పుడు మొక్క ఆకు దించి ఎండ తప్పించుకుంటుంది. సాయంత్రానికి లేచి నిలబడితే మట్టిలో తడి ఉన్నట్టే. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే దాహం. ఈ పాదుల్లో మగపూలే ఎక్కువ కనిపిస్తున్నాయి, పెద్ద పగళ్ళలో, వేడిలో అది సహజం. ఆడపూవు విచ్చిన పూట మగపూవు కోసి నేనే పుప్పొడి తాకిస్తున్నాను. సొర సాయంత్రం విచ్చుకుంటుంది, బీరా అంతే. పొద్దున్నే వెళ్తే ఆలస్యం.

ఎరువులు పూర్తిగా ఆపాను. ఎండిన మట్టిలో ఎరువు ఉప్పు వేళ్ళ నుంచే నీటిని లాగుతుంది, అందులో నత్రజని లేత చిగుళ్ళని తోసుకొస్తుంది. ఇప్పుడు లేత చిగురంటే ఇంకో నోరు.

నల్లి

వంగ ఆకుల మీద సూది గుచ్చినట్టు తెల్లటి చుక్కలు. తెల్ల కాగితం ఆకు కింద పట్టి రెండుసార్లు తట్టాను. దుమ్ము రాలింది. కాసేపు అలాగే చూస్తే ఆ దుమ్ములో కొన్ని చుక్కలు నెమ్మదిగా నడుస్తున్నాయి. వేలితో రుద్దితే ఎర్రటి చార పడింది. ఎర్రనల్లి.

పొడి వేడి దీనికి పండగ. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి తల్లిపురుగు అవడానికి వారం చాలు. కాబట్టి ఒకసారి మందు కొట్టి మరిచిపోతే లాభం లేదు. బాగా పట్టిన ఆకులు కోసి సంచిలో మూటగట్టి పారేశాను. మిగతావాటి అడుగుభాగాన్ని పొద్దున్నే పిచికారీతో గట్టిగా కడిగాను. ఇదొక్కదానికి మాత్రం నీళ్ళు లెక్కచూడలేదు, ఎలాగూ మడిలోకే పడతాయి. సాయంత్రం ఎండ వాలాక లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి ఆకు అడుగున కొట్టాను. అదే పని పగటి వేడిలో చేస్తే నూనె ఆకుని మాడ్చేస్తుంది. నాలుగైదు రోజుల ఎడంతో మళ్ళీ మళ్ళీ. ఘాటు పురుగుమందు వద్దనుకున్నాను. అది నల్లిని తినే పురుగుల్ని ముందు చంపుతుంది, ఆ తరవాత నల్లికి అడ్డు ఉండదు.

కుండీల గొడవ

నేల మొక్కలకి లేని బాధలన్నీ కుండీలకే. పడమటి గోడ పక్కన నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కుండీలన్నీ ఒకచోట దగ్గరికి చేర్చి, పెద్దవి బయట, చిన్నవి మధ్యలో పెట్టాను. గోడకీ వాటికీ మధ్య చెక్క అడ్డం పెట్టాను. నీడ ఆకులకన్నా కుండీ పక్కలకి ఎక్కువ అవసరం.

కొబ్బరిపొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పట్టుకోదు. పోసిన నీళ్ళు కుండీ అంచు వెంబడి జారి కింది చిల్లులోంచి వచ్చేస్తాయి, మనం నిండా తడిసిందనుకుంటాం. కుండీని ఎత్తి చూడడమే పరీక్ష, తేలిగ్గా వస్తే మోసమే. అలాంటివాటిని తొట్టిలో మునిగేలా బుడగలు ఆగేదాకా ఉంచి తీశాను.

మల్లె ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి, కుండీ అంచున తెల్లటి పొర. ఫిల్టర్ వదిలేసే నీళ్ళు దానికి పోస్తున్నారు ఇంట్లో. ఆ నీళ్ళలో ఉప్పు చిక్కబడి ఉంటుంది, కుండీలోంచి అది ఎటూ పోదు. అవి నేల తుడవడానికి మళ్ళించి, ఏసీ నీళ్ళు కింద నుంచి బాగా కారేదాకా పోసి ఒకసారి కడిగాను. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి. మాడిన అంచులు ఎలాగూ మళ్ళీ పచ్చబడవు.

తొలి వాన

మేఘం పట్టగానే రంగు తిరిగిన టమాటాలన్నీ కోసేశాను. ఎండిన మొక్క మీద ఒక్కసారిగా వాన పడితే కాయ లోపల ఉబ్బి తొక్క పగులుతుంది.

గట్టిగానే కురిసింది, వాకిలంతా నీళ్ళు పారాయి. ఆగాక చువ్వ తీసుకుని వెళ్ళాను. కప్పని చోట నాలుగు వేళ్ళు దిగి ఆగిపోయింది, ఎండకి బిగిసిన పైపెచ్చు మీద నుంచి నీరంతా జారిపోయింది. ఆకుల పరుపు కింద జానెడు దిగింది. బిగిసిన చోట పారతో గుల్ల చేసి, అక్కడా ఆకులు కప్పాను. ఎరువు వారం దాకా ముట్టను. బకెట్టు లెక్క కూడా ఆపను, ఒక్క వానకి లోపలి మట్టి నిండదు.

మందార కొమ్మలు దించడం, వంగకి కత్తెర పెట్టడం రెండో వాన తరవాత. టమాటా కొత్త నారు పోయడం రాత్రి ఉష్ణోగ్రత 24 కిందికి దిగే సూచన కనిపించాకే.